సెవెన్ తరహా స్పోర్ట్స్ కారును ఇంటి షెడ్డులో కట్టాలనుంది: విదేశీ కిట్ తెప్పించాలా, ఆటోనగర్ చేతిపనితో మొదలుపెట్టాలా?

ప్రశ్న: ప్రసాదంపాడు షెడ్డు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పక్కన ప్రసాదంపాడు. నాకు నలభై ఆరేళ్లు. మెకానికల్ డిప్లొమా చదివి, ప్రస్తుతం వ్యవసాయ పంపుల సర్వీసు విభాగంలో పనిచేస్తున్నాను. మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా లారీ బాడీలు కట్టారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇంటి వెనుక ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న ఆయన షెడ్డు, అందులోని ఆర్క్ వెల్డింగ్ మెషిను, పెద్ద వైసు, డ్రిల్లింగ్ స్టాండు అలాగే ఉన్నాయి. వాటిని అమ్మడానికి మనసు రాలేదు. తుప్పు పట్టనివ్వడానికీ మనసు ఒప్పుకోవడం లేదు.

చదువుకునే రోజుల నుంచి నా మనసులో ఉన్న కారు లోటస్ సెవెన్. కాలిన్ చాప్‌మన్ 1957లో తీసుకొచ్చిన ఈ రెండు సీట్ల కారులో సన్నని గొట్టాల చట్రం, దాని మీద అల్యూమినియం రేకులు, ముందు ఇంజను, వెనుక చక్రాలకు శక్తి, అంతకు మించి ఏమీ ఉండదు. బరువు సుమారు 500 కిలోలు మాత్రమే. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు, అందుకే చాలామంది దీన్ని కిట్‌గానే కొన్నారు. 1973లో ఆ పన్ను స్థానంలో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కాటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి. ఈనాటికీ ఆ సంస్థ కారును కిట్‌గా కూడా అమ్ముతోంది.

నేను తెలుసుకోదలచినవి ఇవి. కిట్ అక్కడి నుంచి తెప్పించుకోవడం మేలా, లేక ఒక పాత మారుతి వ్యాను కొని దాని ఇంజను, గేరుబాక్సు, వెనుక యాక్సిలు తీసుకుని చట్రం ఇక్కడే కట్టుకోవడం మేలా? పూర్తయ్యాక ఆ వ్యాను ఆర్‌సీ మీదనే దీన్ని రోడ్డు మీద నడపవచ్చునా? ఇంట్లో చేసిన చట్రం ప్రాణానికి హామీ ఇచ్చేంత గట్టిగా ఉండాలంటే దేని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి? రెండు మూడేళ్లు పట్టినా ఫరవాలేదు. దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: వాహన పత్రాలు, గాంధీనగర్

ప్రసాదంపాడు గారికి నమస్కారం. వాహనాల పత్రాల పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మీ మూడు ప్రశ్నల్లో రెండోదానికి ముందుగా జవాబు చెప్పాలి. ఎందుకంటే అది తేలకుండా మీరు ఒక్క గొట్టం కొన్నా, తర్వాత బాధపడేది మీరే.

వ్యాను ఆర్‌సీ మీద ఈ కారును నడపడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడే వీలు ఏర్పడింది. మీరు చేయబోయేది చిన్న మార్పు కూడా కాదు. వ్యాను బాడీ పోతుంది, ఛాసీ నంబరు ఉన్న లోహం పోతుంది, మిగిలేది ఇంజను నంబరు ఒక్కటే. పాత ఛాసీ నంబరు ముక్కను కోసి కొత్త చట్రానికి అతికిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది నేరమవుతుంది.

దాన్ని కొత్త వాహనంగా రిజిస్టర్ చేయించవచ్చు కదా అని అడుగుతారు. కొత్త వాహనానికి ఫారం 20 దరఖాస్తుతో పాటు అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. ఆ ఫారం 22 ఇవ్వాలంటే తయారీదారు తన నమూనా వాహనాన్ని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 126వ నిబంధన కింద పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్ష చేయించి ఆమోదం పొందాలి. బ్రిటన్‌లో ఒక్క కారు కట్టుకున్న వ్యక్తి కూడా ఆ ఒక్క కారునే తనిఖీకి తీసుకెళ్లి నంబరు తెచ్చుకునే పద్ధతి ఉంది. మన దగ్గర ఆమోదం ఇచ్చే ఏర్పాటు సంస్థల కోసం నడుస్తుంది, ఇంట్లో ఒక్క కారు కట్టుకునే మనిషికి అది అందేది కాదు. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మీకు వర్తిస్తాయేమోనని కూడా ఆలోచించకండి. అవి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా నిలిచిన అసలు వాహనాలకే పనికొస్తాయి. పాత కారును పోలిన కొత్త కారుకు పనికిరావు.

విదేశీ కిట్ విషయంలో ఒక హెచ్చరిక. విడిభాగాలుగా వస్తుంది కాబట్టి విడిభాగాల సుంకమే పడుతుందని చాలామంది లెక్క వేసుకుంటారు. సుంకాల వర్గీకరణ నియమాల ప్రకారం, ఒక వస్తువును విడదీసి పంపినా, కొంత అసంపూర్ణంగా పంపినా, పూర్తి వస్తువు ముఖ్య లక్షణం అందులో ఉంటే దాన్ని పూర్తి వస్తువుగానే లెక్కిస్తారు. చట్రం, ఇంజను, గేరుబాక్సు ఒకే సరుకులో దిగితే మీరు ఒక కారును దిగుమతి చేసినట్టే. అంత ఖర్చు పెట్టాక కూడా నంబరు రాదు.

మీ ఉత్సాహాన్ని చంపాలని ఇదంతా రాయలేదు. ట్రాక్ మీద నడిపే కారుగా అనుకుంటే దారి ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోటైలోనూ, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలోనూ నంబరు లేని రేసు కార్లు ట్రెయిలర్ల మీద వచ్చి తిరిగి వెళుతూనే ఉంటాయి. కానీ మీ వీధి చివర వరకు కూడా దాన్ని సొంత చక్రాల మీద నడపకండి. బీమా లేని బండి ఒక పిల్లవాడికి తగిలితే ఆ నష్టానికి మీ ఇల్లు కూడా చాలదు. ఇంకొక మాట. విడదీయబోయే వ్యానును మీ పేరు మీదకు మార్చుకుని, 55వ సెక్షన్ ప్రకారం విడదీసిన 14 రోజుల్లోగా ఆర్టీవో కార్యాలయానికి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించండి. అధీకృత తుక్కు కేంద్రం నుంచి భాగాలు బిల్లుతో కొంటే ఆ పని కూడా తప్పుతుంది.

ప్రసాదంపాడు షెడ్డు

మీ సమాధానం చదివి ఒక రోజంతా ఏమీ రాయలేకపోయాను. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద వెళ్లాలన్నది ఇన్నాళ్ల ఊహ. అయినా సంవత్సరాల తరువాత తెలియవలసిన సంగతి ఇప్పుడే తెలిసినందుకు మీకు కృతజ్ఞుణ్ణి. ట్రాక్ కారుగానే కడతాను. కిట్ ఆలోచన మానుకున్నాను. ఇక చట్రం, వ్యాను గురించి తెలిసినవారు చెప్పాలని మనవి.

సమాధానం: గుంటూరు, కాలేజీ వర్క్‌షాపు

నేను గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ బోధిస్తాను. బాహా, సుప్రా పోటీలకు మా విద్యార్థులు గొట్టాల చట్రంతో చేసిన బండ్లకు మార్గదర్శకుడిగా ఉన్నాను. ఆ అనుభవం మీ పనికి నేరుగా పనికొస్తుంది.

వ్యాను ఎంపికలో మీ ఆలోచన సరైనదే. మన దగ్గర దొరికే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలు తిరిగేవి, వాటి ఇంజను అడ్డంగా ఉంటుంది కాబట్టి సెవెన్ ఆకారానికి సరిపడవు. ఇంజను బండి పొడవునా ఉండి, వెనుక యాక్సిలుకు ప్రొపెల్లర్ షాఫ్టు వెళ్లేవి ఓమ్ని, ఈకో, జిప్సీ. ఓమ్నిలోని 796 సీసీ ఇంజను తేలికైనది, మరమ్మతు సులువు, కానీ మీకు తృప్తినిచ్చే బలం దానికి ఉండదు. జిప్సీలోని 1298 సీసీ ఇంజను అన్నివిధాలా బాగుంటుంది, అయితే కొండలెక్కే అభిరుచి ఉన్నవారు దాన్ని వెతికి వెతికి కొంటారు కాబట్టి మంచిది చవకగా దొరకదు. 2022 వరకు ఈకోలో వచ్చిన 1196 సీసీ ఇంజనే మీకు అందుబాటు. వ్యానులో అది సీటు కింద ఇరుక్కుని ఉంటుంది కాబట్టి సంపు (ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టి) లోతు, ఎగ్జాస్టు దారి, గేరు లింకేజీ మూడూ ఆ ఇరుకుకు తగ్గట్టే ఉంటాయని గుర్తుంచుకోండి. ఇంజను చేతిలోకి వచ్చి, నేల మీద పెట్టి కొలిచేవరకు చట్రం గీత గీయకండి. మా పిల్లలు ఒక ఏడాది బొమ్మ ముందు గీసి ఇంజను తర్వాత తెచ్చారు. సంపు కింద నేలకు మిగిలింది మూడు వేళ్ల ఎత్తు.

ఈకో కొనేటప్పుడు ఇంజనుతో పాటు ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు), తాళం చెవి, ఇమ్మొబిలైజర్, పూర్తి వైరింగ్ ఒకే బండివి తీసుకోండి. వైర్లు కోయవద్దు. బండి ఇంకా వ్యానుగా నడుస్తున్నప్పుడే ప్రతి కనెక్టరుకు కాగితం అంటించి పేరు రాసుకోండి. ఇంజను స్టార్ట్ అయ్యే స్థితిలో ఉన్న వైరింగ్‌ను మొత్తంగా బయటకు తీసి, షెడ్డు నేల మీద పరిచి, అక్కడ కూడా ఒకసారి ఇంజను స్టార్ట్ అయిందని చూసుకున్నాకే అక్కర్లేని వైర్లను ఒక్కొక్కటిగా తీయండి.

బ్రేకుల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో కట్టిన కార్లలో అందరూ చట్రం గురించి భయపడతారు, బ్రేకులను మాత్రం వ్యాను నుంచి తెచ్చినవే కదా అని వదిలేస్తారు. వ్యానుకు సరిపోయిన బ్రేకులు మీ కారుకు సరిపోతాయన్న హామీ లేదు. మీ కారు బరువు వ్యాను బరువులో సుమారు సగం, పైగా బరువు పంపకం వేరు. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు ముందుగా బిగుసుకుంటే కనీసం తిన్నగా జారుతుంది. అందుచేత వెనుకకు వెళ్లే ఒత్తిడిని తగ్గించి సరిచేసుకునే వాల్వు పెట్టాలి. వ్యానులో బరువును బట్టి పనిచేసే వాల్వు ఉంటే దాన్ని అలాగే బిగించకండి, కొత్త కారులో దాని లెక్క తప్పుతుంది. ముందుకు, వెనుకకు వేర్వేరు దారులున్న మాస్టర్ సిలిండరునే వాడండి. ఒక దారి కారినా రెండోది పట్టాలి. మొదటి పరీక్ష ఖాళీ మైదానంలో, తడి నేల మీద, తక్కువ వేగంలో చేయండి. ఏ చక్రం ముందు బిగుసుకుంటుందో పక్కన నిలబడ్డ మనిషికి కళ్లతో కనిపిస్తుంది. మన కృష్ణా తీరపు గాలిలో తేమ ఎక్కువ, బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది కాబట్టి కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చండి.

తల వెనుక దొర్లుడు కమాను, అంటే కారు బోల్తా పడితే తలను కాపాడే వంపు గొట్టం, తప్పనిసరిగా పెట్టండి. దానికి అతుకు లేని గొట్టమే వాడాలి, దాని కాళ్లు చట్రం ముడుల మీదే, అంటే గొట్టాలు కలిసే చోట్లే దిగాలి. ఈ ఒక్క భాగాన్ని ఇంట్లో వంచవద్దు.

సమాధానం: లేత్ పని, ఆటోనగర్ మూడో రోడ్డు

బాబూ, మీ నాన్నగారిది లారీ బాడీల పని అన్నారు కాబట్టి చనువుగా రాస్తున్నాను. నాకు అరవై మూడేళ్లు. లెక్చరర్ గారు చెప్పినవి బాగున్నాయి. నేను చేతిపని గురించి మాత్రమే చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసామి తన కొడుకు కోసం చిన్న బగ్గీ చట్రం చేయించమని నా దగ్గరకు వచ్చారు. తొందరలో సిమెంటు నేల మీదే గొట్టాలు పేర్చి వెల్డింగ్ చేశాను. ఒక పక్క మొత్తం పూర్తి చేసి రెండో పక్కకు వెళ్లాను. చల్లారాక మూల నుంచి మూలకు టేపు పట్టి చూస్తే రెండు కర్ణాలకూ మధ్య పదకొండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. సుత్తితో కొట్టి, జాకీ పెట్టి, వేడి చేసి ఎంత తంటాలు పడినా అది పూర్తిగా సాపు కాలేదు. ఆ బండి చివరి వరకు ఎడమ పక్కకే లాగింది. తప్పు నాదే. ఆయన డబ్బు తిరిగిచ్చాను, కానీ ఆ పిల్లవాడు బండిని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి చట్రం కంటే ముందు చట్రానికి మంచం తయారు చేయండి. తుక్కులో పాత లారీ ఛాసీ రెయిళ్లు దొరుకుతాయి. వంగనివి రెండు తెచ్చి, ఎనిమిది కాళ్లు వేసి, నడుము ఎత్తుకు నిలబెట్టండి. మట్టం చూడటానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. పారదర్శకమైన గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస ఒక మూలన, రెండో కొస ఎదురు మూలన పట్టుకుంటే రెండు పక్కలా నీళ్లు ఒకే మట్టానికి నిలుస్తాయి. ఆరు చోట్ల పట్టి చూసి, కాళ్ల కింద బోల్టులు తిప్పి మంచాన్ని సరిచేయండి. ఈ పనికి రెండు ఆదివారాలు పోయినా పోనివ్వండి.

తరువాత గొట్టం. అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్ల మందం కావాలి. గేట్లు, గ్రిల్లులకు అమ్మే పైపును కూడా అదే పేరుతో ఇచ్చేవాళ్లుంటారు. అంచు కోసినచోట బిళ్ల లేచి మందంగా కనిపిస్తుంది, కాబట్టి అంచును ఫైలుతో రుద్ది వెర్నియరు పెట్టండి. ఇంకా సులువైన దారి తూకం. ఆరు మీటర్ల పైపు ఏడు కిలోల దగ్గర తూగితే అది 1.6. ఐదున్నర కిలోల దగ్గర ఆగితే అది 1.2 మాత్రమే, తిప్పి పంపించండి. మొహమాటపడకండి.

మీ దగ్గరున్న ఆర్క్ మెషినుతో ఇంత పలుచని గొట్టాన్ని అతకడం అలవాటు లేని చేతికి కష్టం. రంధ్రాలు పడతాయి, లేదా పైన ముద్ద కనిపిస్తుంది గానీ లోపల పట్టదు. మీరు గొట్టాలు కోసి, మూలలు గాలి సందు లేకుండా రుద్ది, మంచానికి క్లాంపులతో బిగించి, చిన్న ట్యాకులు, అంటే తాత్కాలికంగా నిలిపే చుక్క అతుకులు మాత్రం వేయండి. అన్ని ట్యాకులూ అయ్యాక, కర్ణాలు మళ్లీ కొలిచాక, సీవోటూ వెల్డింగ్ బాగా తెలిసిన మనిషిని షెడ్డుకు పిలిపించి నింపించండి. ఆయనను కూడా ఒక్కచోటే కూర్చుని పని చేయనివ్వకండి. ముందు ఎడమన ఒక ముడి, తర్వాత వెనుక కుడిన ఒక ముడి, ఇలా వేడి అంతటా సమానంగా పడేట్టు తిప్పించాలి. పనికి ముందు అదే పైపు ముక్కలు రెండు అతికించి, వైసులో పెట్టి సుత్తితో విరగ్గొట్టి చూడండి. గొట్టం చిరగాలి, అతుకు ఊడకూడదు. దీనికి ఒప్పుకోని వెల్డరు మీకు వద్దు.

ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టి చేయించాల్సి వస్తుంది. కోసి అతికించి ఊరుకుంటే వేగంలో కారు మొత్తం వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మెషిను ఉన్నచోటే చేయించండి.

సమాధానం: ఫైబర్ పని, ఎనికేపాడు

బస్సుల ముందు భాగాలు ఫైబర్‌తో చేసే పనిలో ఉన్నాను. సెవెన్‌కు పక్కలు అల్యూమినియం రేకే కాబట్టి ఫైబర్ పని ముక్కు భాగానికి, నాలుగు మడ్‌గార్డులకు మాత్రమే ఉంటుంది. దాన్ని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకండి. మన ఎండకు మగ్గులోని రెసిను బ్రష్షు ముంచేలోగా వేడెక్కి పొగలు కక్కి గడ్డకడుతుంది. హార్డనరు మరీ తగ్గిస్తే పూర్తిగా ఆరదు. వానాకాలం తేమ కూడా మంచిది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు తగ్గాక ఉదయం పూట చేయండి, ఒక్కోసారి కొద్దిగా మాత్రమే కలపండి. అన్నిటికంటే ముఖ్యం ఏమిటంటే కోబాల్టును (రెసిను త్వరగా గట్టిపడటానికి కలిపే ద్రవం), హార్డనరును నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, పేలే ప్రమాదం ఉంది. కోబాల్టును ముందుగా రెసినులో బాగా కలిపి, ఆ తరువాతే హార్డనరు వేయాలి. రెండు సీసాలనూ వేర్వేరు అరల్లో పెట్టండి. కళ్లద్దాలు లేకుండా హార్డనరు మూత తీయకండి. ముక్కు మీద లోటస్ ముద్ర గానీ కాటర్‌హామ్ ముద్ర గానీ వేయవద్దని కూడా నా మనవి. అవి వారి హక్కులు, మీ పనికి మీ పేరే అందం.

ప్రసాదంపాడు షెడ్డు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆటోనగర్ పెద్దాయన గారూ, మీ సమాధానం చదివి లేచి షెడ్డులోకి వెళ్లాను. నాన్నగారి నీళ్ల గొట్టం తలుపు వెనుక మేకుకు చుట్టలుగా వేలాడుతోంది. పసుపు రంగుకు తిరిగింది గానీ పగుళ్లు లేవు. వెనుక గోడకు ఆనించి, గోనె సంచులు కప్పి, ఆరు చక్రాల లారీ రెయిళ్లు రెండు ఉన్నాయి. ఇన్నేళ్లూ వాటిని తుక్కుకు వేయాలనుకుంటూ వేయలేదు. దారం కట్టి చూశాను. ఒకటి తిన్నగా ఉంది. రెండోదానికి మధ్యలో నాలుగు మిల్లీమీటర్ల వంపు ఉంది.

ఈ సంక్రాంతిలోగా మంచం పూర్తి చేసి, కొలతలు ఇక్కడే రాస్తాను. వ్యాను ఆ తర్వాతే కొంటాను. ఆ రెండో రెయిలును సాపు చేయించవచ్చునా, వేరేది తేవాలా అన్నది ఒక్కటి చెప్పండి.

లేత్ పని, ఆటోనగర్ మూడో రోడ్డు

వేరేది తేనక్కర్లేదు బాబూ. వంపు పైకి ఉండేట్టు పెట్టి, మధ్య కాలి దగ్గర బోల్టుతో కిందికి లాగి బిగించండి, నాలుగు మిల్లీమీటర్లు సులువుగా దిగుతాయి. బిగించాక మళ్లీ నీళ్ల గొట్టం పట్టి చూడండి. వచ్చే ఆదివారం ఉదయం నేను ఖాళీగానే ఉంటాను, రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా, వస్తాను.